పురుషోత్తం సారు చెవుడు

పురుషోత్తం సారుకు చెవుడు. మహబూబాబాదులో, అంటే ఊరివాళ్ల మానుకోటలో, ఆ సంగతి తెలియని మనిషి లేడు. ఎవరు ఏం చెప్పినా కుడిచేతిని చెవి వెనక దొప్పలా పెట్టి, మెడ ముందుకు చాచి, "ఇనవడలే. మల్ల జెప్పు" అనేవాడు. మళ్లీ చెబితే మళ్లీ అదే మాట. మూడోసారికి తలూపి, "ఆఁ, గట్ల జెప్పు" అనేవాడు. రెండోసారికి విన్న దాఖలా లేదు, నాలుగోసారి అడిగిన దాఖలా లేదు. ఈ లెక్కలో ఏదో తిరకాసు ఉందని ఆయన దగ్గర మూడేళ్లు కెమిస్ట్రీ చదివిన వాళ్లకు కూడా తట్టలేదు.

ఆ చెవుడు ఎట్లా వచ్చిందన్న దానిమీద ఊళ్లో రెండు పార్టీలుండేవి. అరవై తొమ్మిదిలో తెలంగాణ లొల్లి జరిగినప్పుడు జనగామ స్టేషన్ దగ్గర లాఠీ దెబ్బ చెవి మీద పడిందని ఒక పార్టీ. స్టేషన్ ఘన్‌పూర్‌లో వాళ్ల ఇల్లు పట్టాల పక్కనే కాబట్టి పుట్టినప్పటి నుంచీ గూడ్సు బండ్లు విని విని చెవులు అరిగిపోయాయని రెండో పార్టీ. ఆయన్నే అడుగుదామంటే, ఆ ప్రశ్న మూడుసార్లు అడిగే ఓపిక ఎవరికీ లేకపోయింది.

కూరగాయల అంగట్లో మాత్రం చెవుడు లాభసాటిగానే ఉండేది. "వంకాయలెట్ల?" "కిలో రూపాయి సారూ." "ఇనవడలే." "రూపాయి సారూ, రూపాయి!" "ఇనవడలే." "అయ్యో, ముప్పావలా ఇయ్యుండ్రి, తీస్కపోండ్రి!" "ఆఁ, గట్ల జెప్పు."

పెళ్లిచూపుల్లో కూడా అంతేనట. పిల్ల పేరడిగి, మూడుసార్లు చెప్పించుకున్నాడట. పిల్ల తండ్రి చెవిటి సంబంధం వద్దని లేవబోతే కౌసల్యమ్మే ఆపిందట. "నా పేరు గంత గనం అడిగినోడు ఇంకొకడు లేడు బాపూ. ఈయననే చేసుకుంట" అన్నదట.

క్లాసులో హాజరు పిలవడం ఒక ఉత్సవం. నలభై మంది, తలా మూడుసార్లు "ప్రెజెంట్ సార్". చివరి నంబరు దగ్గరికి వచ్చేసరికి గంట కొట్టేవారు. ఆ చివరి నంబరు ముత్యానిది.

ముత్యానికి అప్పటికే ఇరవై అయిదేళ్లు. పక్కనున్న పిల్లలకు ఇరవై. అరవై తొమ్మిదిలో బళ్లు మూతబడి ఒక ఏడు పోయింది. ఆ తరువాత చదివించే స్తోమత ఇంట్లో లేక, కేసముద్రం మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో, అంటే రైతుల ధాన్యం కమీషను మీద అమ్మిపెట్టే చోట, ధరల చిట్టీలు రాస్తూ నాలుగేళ్లు గడిపాడు. రాయడం అయిపోగానే అక్కడ దొరికిన ప్రతి కాగితమూ చదివేవాడు. పొట్లం విప్పితే పల్లీలు పక్కన పెట్టి పొట్లం చదివేవాడు. లైబ్రరీలో పుస్తకాలు అయిపోతే పోయినేడాది పంచాంగం చదివేవాడు. అంత చదివిన మనిషికి లోకంలో ఎవరి మాటా నచ్చేది కాదు. మరీ ముఖ్యంగా పురుషోత్తం సారు మాట.

"నీటి మరుగు ఉష్ణోగ్రత ఎంత, ముత్యం?"

"నూరు డిగ్రీలు సార్."

"ఇనవడలే. మల్ల జెప్పు."

"నూరు డిగ్రీలు సార్!"

"ఇనవడలే."

"నూరు! నూరు! నూరు డిగ్రీలు!"

నీళ్ల కన్నా ముందు ముత్యం మరిగేవాడు. క్లాసు పగలబడి నవ్వేది. కూర్చుంటూ ముత్యం గొంతులోనే గొణిగేవాడు, "నీ చెవుల్ల తుమ్మచెట్టు మొలువ."

అదొక్కటే కాదు. మూడేళ్లలో ముత్యం గొణిగిన మాటలన్నీ పోగేస్తే ఒక పుస్తకమయ్యేది. ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకొని, మర్యాదగా తల వంచి తిట్టేవాడు. సారు నవ్వుతూ తలూపేవాడు. పక్కనున్న హన్మంత్ నవ్వాపుకోలేక పుస్తకం కొరికేవాడు. హన్మంత్ పెద్ద పటేలు కొడుకు, వాడి పుస్తకాలకు అట్టలు లేకపోవడానికి కారణం ఇదే.

ముత్యం కోపాలన్నిటికీ మూలం ఒకటుంది. ఒక చలికాలం వాళ్ల బాపు పది రోజులు ఎండబోసిన వడ్లను కేసముద్రం తెచ్చాడు. కొనే షావుకారు తరఫు మనిషి పాన్ నములుతూ వచ్చి, రెండు గింజలు నోట్లో వేసుకొని, "పచ్చిగున్నయ్" అన్నాడు. ధర తెగిపోయింది. అప్పుడు అక్కడే చిట్టీ రాస్తున్నది ముత్యమే. తన బాపు వడ్లు పచ్చివని తన చేత్తోనే రాశాడు. ఆ చిట్టీ ఎప్పటికీ అతని గొంతులో అడ్డం పడే ఉండేది.

ఒకనాడు ల్యాబులో, గాజు గొట్టం కడుగుతూ, ఎప్పటిలాగే గొణిగాడు. "గా ఓవెన్ల పెడ్తె తెలుస్తది, గా పాన్ నోటోని అబద్ధం."

మర్నాడు పొద్దున పురుషోత్తం సారు పిలిచి ఓవెన్ తాళంచెవి చేతిలో పెట్టాడు. "దీన్ని ఊకె పెట్టొద్దు. ఏమన్న ఎండవెట్టు. వడ్లు వెట్టు. ఫిబ్రవరిల యూనివర్సిటీల డిగ్రీ పిలగాండ్ల సదస్సున్నది. ఎవలు చేసిన పరిశోధన ఆళ్లే చెప్పాలె. మన కాలేజీ నుంచి ఒక్కరే పోవాలె. నువ్వు పో."

తన మనసులో మాట సారు నోట్లో ఎట్లా వచ్చిందా అని ముత్యం ఒక్క నిమిషం ఆలోచించాడు. తెలివైన వాళ్లకు ఒకే ఆలోచన వస్తుందనుకొని, తన తెలివికి తనే సంతోషించాడు.

ప్రయోగం సులువైనదే. వడ్లు తూచి, ఓవెన్‌లో ఎండబెట్టి, మళ్లీ తూచడం. తగ్గిన బరువే తేమ. ఆ తేమను షావుకారు మనిషి చెప్పినదానితోనూ, గంగి చెప్పినదానితోనూ సరిపోల్చడం. గంగి తండా నుంచి వచ్చి మార్కెట్‌లో వడ్లు చెరిగే ముసలమ్మ. గింజ కొరికి తేమ చెప్పడంలో ఆమెను మించినవాళ్లు ఆ యార్డులో లేరు.

"గింజకు నోరుంటది బిడ్డా" అనేది గంగి. "ఎండిన గింజ పల్లకింద టక్కుమంటది. పచ్చిది సప్పుడు చెయ్యది, మెత్తగ అణుగుతది. గా పాన్ నమిలే నోట్లెకు పోతె అన్ని గింజలు తడిగనే ఉంటయ్!"

ఒక ఆదివారం పురుషోత్తం సారు కూడా యార్డు చూడటానికి వచ్చాడు. వడ్ల కుప్పకు అవతల, లారీ పక్కన నిలబడ్డాడు. ఇవతల గంగి గింజ కొరికింది. అవతల సారు ముసిముసిగా నవ్వాడు. గంగి కళ్లు చిట్లించి చూసింది.

"మీ సారుకు చెవుడంటివి?"

"బండచెవుడు."

"గట్లనా" అని గంగి ఇంకో గింజ నోట్లో వేసుకుంది.

మూడు నెలల్లో మూడు వందల వడ్ల పొట్లాలు పరీక్షించాడు ముత్యం. షావుకారు మనిషి పచ్చివన్న వాటిలో నాలుగో వంతు కూడా పచ్చివి కావు. గంగి తప్పింది మాత్రం పందొమ్మిదిసార్లే. ఒక్క పొట్లం కూడా పరీక్ష లేకుండా రాయలేదని ముత్యానికి పొగరు. కానీ లెక్కలు చూపిద్దామని సారు దగ్గరికి పోతే, "ఇనవడలే, మల్ల జెప్పు." మొత్తం పేపరు మూడుసార్లు చదవాలి. ఒకసారి చదివేటప్పటికే గంట. ఒకనాడు ఓపిక తెగిపోయింది. ఆ సాయంత్రమే పై ఆఫీసుకు అర్జీ రాశాడు.

అర్జీ అద్భుతంగా వచ్చింది. అన్ని పొట్లం కాగితాలు చదివిన చదువంతా అందులో పోశాడు. 'మా లెక్చరరు గారికి రెండు చెవులూ బొత్తిగా వినిపించవు. విద్యార్థుల భవిష్యత్తు బధిర శంఖారావమగుచున్నది' అని రెండో పేరాలో ఉంది. కాలేజీ వరండాలో నిలబడి హన్మంత్‌కూ, ఇంకో పది మందికీ వినిపిస్తుంటే వెనక నుంచి పురుషోత్తం సారు వచ్చాడు.

"ఏం సదువుతున్నవ్?"

పది మందీ రాయి అయిపోయారు. ముత్యానికి మాత్రం ఎక్కడలేని ధైర్యం వచ్చింది. చెవిటివాడి ముందు భయమేంటి? "పద్యం సార్" అన్నాడు.

"ఇనవడలే. మల్ల సదువు."

ముత్యం ఆయన ముఖంలోకి చూస్తూ అర్జీ మొత్తం చదివాడు, రాగం తీసి మరీ. "ఇనవడలే" అన్నాడు సారు. మళ్లీ చదివాడు. హన్మంత్ స్తంభం పట్టుకొని కూలబడ్డాడు. మూడోసారి చదివాక సారు తలూపాడు.

"ఆఁ. ఎవలు రాసిన్రో గని మంచిగ రాసిన్రు" అని చెవి వెనక చెయ్యి తీసి వెళ్లిపోయాడు.

మానుకోట కాలేజీలో అంత నవ్వు ఎవరూ ఎన్నడూ నవ్వలేదు. ముప్పై ఏడు సంతకాలతో అర్జీ రిజిస్టరు పోస్టులో పోయింది. తరువాత చాలా ఏళ్లు, ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ముత్యం ఉన్నచోట నుంచి లేచి నాలుగు అడుగులు నడిచి వచ్చేవాడు.

సదస్సుకు రెండు రోజుల ముందు సారు ఇంటికి పిలిచి మళ్లీ మూడుసార్లు చదివించాడు. రెండోసారి నడుస్తుండగా లోపలి గదిలో నుంచి కౌసల్యమ్మ తనలో తను అనుకున్నట్టుగా, "చాయ్‌పత్తా లేకపాయె" అంది. సారు లేచి, చెప్పులు వేసుకొని, దుకాణానికి పోయి చాయ్‌పత్తా తెచ్చాడు. ముత్యం చూశాడు. మొగుడూ పెళ్లాల అలవాటు కాబోలు అనుకొని చదవడం సాగించాడు.

ఫిబ్రవరి వచ్చింది. వరంగల్లు యూనివర్సిటీ హాలు ముత్యం అనుకున్న దానికి రెండింతలుంది. ఎక్కడెక్కడి కాలేజీల పిల్లలో వచ్చారు. ఇస్త్రీ ప్యాంట్లు, నున్నటి మాటలు. ముత్యం లోలోపల ఒట్టు పెట్టుకున్నాడు. ఇక్కడ నవ్వులపాలైతే రేపటి నుంచి మళ్లీ చిట్టీలే. డిగ్రీ లేదు, గిగ్రీ లేదు.

సారు ఎక్కడా అని చూస్తే చిట్టచివరి వరుసలో, ద్వారం పక్కన కూర్చున్నాడు. ముందుకు రమ్మని సైగ చేస్తే రాలేదు. చెవుడు పెట్టుకొని అక్కడ కూర్చుంటే ఏం వింటాడు అని ముత్యం పళ్లు నూరాడు.

పేరు పిలిచారు. వెళ్లి నిలబడ్డాడు. కాగితం తీశాడు. తన యాస బయటపడకూడదని, వారం రోజులు కూర్చొని తిప్పి రాసుకున్న గ్రాంథికం అది. "ప్రస్తుత పత్రమునందు, ధాన్యములోని ఆర్ద్రతను దంతములచే నిర్ధారించు విధానము..."

"దంతములచే!" అన్నారు ముందు వరుసలో ఎవరో. కిసుక్కుమన్నారు నలుగురు. ముత్యం కాగితంలో వరుస తప్పాడు. వాక్యం తెగిపోయింది. కంగారులో సొంత మాట జారింది. "అంటే... గింజ పచ్చిగున్నదా, ఎండినదా అని..."

"పచ్చిగున్నదంట రోయ్!" అని ముందువాడు సినిమా ఫక్కీలో సాగదీశాడు. హాలంతా గొల్లుమంది.

ముత్యం కాగితం మడిచాడు. ఒక కాలు వేదిక మెట్టు మీద పెట్టాడు కూడా. అప్పుడు చిట్టచివరి వరుసలో నుంచి, ఆ నవ్వులన్నిటి మీదుగా, మానుకోట మొత్తానికి తెలిసిన గొంతు వినిపించింది.

"ఇనవడలే! మల్ల జెప్పు!"

హాలు వెనక్కి తిరిగింది. చెవి వెనక దొప్ప పెట్టుకొని, మెడ చాచి, ఒకాయన నిలబడి ఉన్నాడు. ముత్యానికి సిగ్గు పోయి కోపం వచ్చింది. కాగితం విప్పి, మొదటి వాక్యం గట్టిగా చదివాడు.

"ఇనవడలే!"

ఇక ముత్యానికి హాలు కనిపించలేదు. ముందు వరుస కనిపించలేదు. ఆ చెవిటి మనిషి ఒక్కడే కనిపించాడు. కాగితం జేబులో కుక్కేశాడు.

"సార్! మా బాపు పది దినాలు ఎండవోసిన వడ్లు తెచ్చిండు. ఒకడు పాన్ నమలుకుంట రెండు గింజలు నోట్లేసుకొని పచ్చిగున్నయన్నడు. రేటు తెగింది. గా చిట్టీ రాసింది నేనే సార్. నిజంగ పచ్చియా, కాదా అని గప్పుడు అడుగలేకపోయిన. ఇప్పుడు అడుగుతున్న. మూడు వందల పొట్లాలు ఎండవెట్టి, తూచి అడుగుతున్న!"

"ఆఁ" అన్నాడు సారు. "గట్ల జెప్పు." కూర్చున్నాడు.

ముత్యం పదిహేను నిమిషాలు ఆగకుండా చెప్పాడు. గంగిని చెప్పాడు, ఓవెన్‌ను చెప్పాడు, పాన్ నోటిని చెప్పాడు. హాలు మళ్లీ నవ్వింది కానీ, ఈసారి అతను నవ్వించిన చోట నవ్వింది. మూడుసార్లు చదివించిన లెక్కలన్నీ కాగితం లేకుండానే నాలుక మీదికి వచ్చాయి.

అధ్యక్షత వహించిన పెద్దావిడ కళ్లజోడు సవరించుకుంది. "బాగుంది బాబూ. ఆ గంగమ్మ గారు నేర్పిన విద్య ఏదీ, మాకొకసారి చూపించు."

ముత్యం జేబులో నుంచి ఎండిన గింజలవి ఒకటి, పచ్చివి ఒకటి, రెండు పొట్లాలు తీసి ఇచ్చాడు. ఆవిడ కలిపి, ఒక గింజ తీసి ఇచ్చింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. ముత్యం మైకుకు దూరంగా జరిగి, కళ్లు మూసుకొని కొరికాడు. టక్.

చెప్పడానికి నోరు తెరవబోయాడు.

"ఎండింది!"

అన్నది ముత్యం కాదు. చిట్టచివరి వరుస. అన్న వెంటనే ఆయన రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

హాలు చప్పట్లు కొట్టింది. అది ముందే అనుకున్న నాటకమనుకున్నారు వాళ్లు. ముత్యం మాత్రం కొరికిన గింజ నాలుక మీద పెట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు. ఇరవై వరుసల అవతల గింజ చప్పుడు విన్న మనిషికి, ఎదురుగా నిలబడి గొణిగిన మాటలు వినబడవా?

మూడో బహుమతి వచ్చింది. ఏమిచ్చారో ముత్యం విప్పి చూడలేదు.

సాయంత్రం ప్యాసింజరులో ఎదురెదురుగా కూర్చున్నారు. సారు కిటికీలో నుంచి చూస్తూ పల్లీలు తింటున్నాడు. బండి చప్పుడుకు పెట్టెలో ఒకరి మాట ఒకరికి వినిపించడం లేదు. ముత్యం పరిశోధకుడు కదా. తల అవతలికి తిప్పి, పెదవి కదిలీ కదలకుండా, "సార్, జర పల్లీలు ఇటియ్యుండ్రి" అన్నాడు.

సారు చూపు కిటికీలోనే ఉంది. చెయ్యి మాత్రం పల్లీలతో ఇటు వచ్చింది. సగం దారిలో ఆగింది.

"దొరికిపోయిన" అన్నాడు సారు.

"ఎన్నాళ్ల సంది ఇనవడ్తది సార్?"

"పుట్టినకాణ్నుంచి."

"అయితే... గా తుమ్మచెట్టు..."

"ఇంక మొలువలే" అని సారు చెవి తడుముకున్నాడు. "గదొక్కటి మాత్రం కొత్తగుండె. ఇంటికి వోయి కౌసల్యకు జెప్పిన. మూడు దినాలు నవ్వింది."

"ఎందుకు సార్ గిదంత?"

సారు పల్లీ పొట్టు ఊదాడు. "నీ వయసుల నేను హైదరాబాదుల ఒక ఇంటర్వ్యూకు వోయిన. జవాబు జెప్పిన. సరైన జవాబే. నా మాట తీరుకు బల్ల చుట్టున్నోళ్లందరు నవ్విన్రు. నోరు మూతవడ్డది. ఒక్కడన్న 'ఇనవడలే, మల్ల జెప్పు' అంటె బాగుండు, చెప్పేటోన్ని. ఎవ్వడనలే. నౌకరయినంక మొదటినాడు క్లాసుల ఒక పిలగాడు గట్లనే మెల్లగ గొణిగిండు. నేనన్న. అంతే. ఒకపారి చెవుడొచ్చినంక ఎంబడే పోతె బాగుండదు గద."

జేబులో నుంచి కాగితం తీసి ముత్యం ఒళ్లో పెట్టాడు. బదిలీ ఆర్డరు. సోమవారం నుంచి భూపాలపల్లి దిక్కు, కొత్తగా పెట్టిన కాలేజీకి. కారణం, విద్యార్థుల అర్జీ.

"ఇనవడ్తదని చెప్పకపోయిన్రా సార్!"

"ఏమని జెప్పాలె? పదేండ్ల సంది పిలగాండ్లను మోసం జేస్తున్ననని జెప్పాల్నా? అర్జీ మంచిగనే రాసినవ్ ముత్యం. రెండో పేరల ఒక్కటే తప్పున్నది. మూడు వందల పొట్లాలు పరీక్ష జేసినోనివి, రెండు చెవులు పరీక్ష జెయ్యకపోతివి."

కేసముద్రం స్టేషన్ వచ్చింది, పోయింది. ముత్యం తల ఎత్తలేదు. ఆ ముప్పై ఏడు సంతకాల్లో తన సంతకం లేదని గుర్తొచ్చింది. రాసినవాడి పేరు దొరకకూడదని పెట్టలేదు. చివరికి చక్రాల చప్పుడులో కలిసిపోయేటట్టు అన్నాడు, "తప్పయింది సార్."

సారు చెయ్యి చెవి వెనక్కి వెళ్లింది. "ఇనవడలే. మల్ల జెప్పు."

"తప్పయింది సార్."

"ఇనవడలే."

"తప్పయింది సార్! నాదే తప్పు!"

పెట్టెలో అందరూ తిరిగి చూశారు. పక్కన మూట మీద కూర్చున్న అవ్వ ఉలిక్కిపడి, "ఏం తప్పు జేసినవ్ కొడుకా?" అంది.

"ఏం లేదవ్వా, పాఠం అప్పజెప్తుండు" అన్నాడు సారు. ముత్యం వైపు తిరిగి, "ఆఁ, గట్ల జెప్పు" అని మిగిలిన పల్లీలన్నీ అతని చేతిలో పోశాడు. "భూపాలపల్లి దిక్కు పిలగాండ్లు ఇంకింత మెల్లగ మాట్లాడ్తరట. చెవిటోని అవుసరం ఆడనే ఎక్కువున్నది."

"ఆర్డరు వాపసు తీసుకొమ్మని మల్ల అర్జీ రాస్త సార్."

"రాయి. గని ఆఫీసోళ్లది నా లెక్క చెవుడు గాదు. మూడుసార్లు సాలవు."

సాలలేదు. ముత్యం పదకొండుసార్లు రాశాడు, పదకొండుసార్లూ సంతకం పెట్టి. ఎక్కడా ఎవరికీ వినబడలేదు. పదకొండోదాని నకలు సారుకు పంపితే వారంలో కార్డు వచ్చింది. రెండే వాక్యాలు.

'ఇది మంచిగున్నది, ఒక్క అబద్ధం లేదు. గట్టిగ సదివితే కౌసల్య వంటింట్ల నుంచి "ఇనవడలే, మల్ల సదువు" అన్నది.'